ముప్పై రోజులు, పది గంటలు
తక్కువ ఖర్చుతో త్వరగా డ్రైవింగ్ నేర్చుకోవాలంటే లెక్కపెట్టాల్సింది రోజుల్ని కాదు, స్టీరింగ్ పట్టిన గంటల్ని

ఉదయం ఆరు గంటలకు ఏ పట్టణంలోనైనా కనిపించే దృశ్యమే. పైన డ్రైవింగ్ స్కూలు బోర్డు, ముందూ వెనకా ఎర్రటి 'ఎల్' అక్షరంతో ఓ చిన్న కారు నత్తనడకన సాగుతుంటుంది. స్టీరింగ్ ముందు ఒకరు, పక్కన శిక్షకుడు, వెనక సీట్లో తమ వంతు కోసం చూసే మరో ఇద్దరు. వారిలో డెలివరీ వ్యాను నడిపే పని కోసం వచ్చిన యువకుడు ఉండొచ్చు, పిల్లల్ని స్కూల్లో దించాలనుకునే గృహిణి ఉండొచ్చు. అందరికీ ఉన్న సందేహం ఒక్కటే. తక్కువ డబ్బుతో ఎంత తొందరగా వస్తుంది?

ఎంత తొందర ఉన్నా చట్టం ఒక గీత గీసింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం లెర్నర్ లైసెన్స్ చేతికి వచ్చిన 30 రోజుల తర్వాతే డ్రైవింగ్ పరీక్షకు వెళ్లాలి. ఆ లైసెన్స్ ఆరు నెలలు చెల్లుతుంది. కాబట్టి 'వారంలో లైసెన్స్ ఇప్పిస్తా' అనే బ్రోకరు మాట వింటే జేబుకు చిల్లు తప్ప ప్రయోజనం లేదు.

నిజానికి ప్రభుత్వానికి కట్టాల్సింది పెద్ద మొత్తమేమీ కాదు. 2016 చివర్లో కేంద్రం సవరించిన రుసుముల ప్రకారం లెర్నర్ లైసెన్స్‌కు రూ.150, దాని పరీక్షకు రూ.50, డ్రైవింగ్ పరీక్షకు రూ.300, లైసెన్స్‌కు రూ.200. అంతా కలిపి రూ.700. రాష్ట్రాల సేవా రుసుములు అదనం. దరఖాస్తు, స్లాట్ బుకింగ్ ఆన్‌లైన్‌లో ఎవరికి వారే చేసుకోవచ్చు. అక్కడ మిగిలిన సొమ్మును శిక్షణ మీద పెట్టడమే తెలివైన పని.

అయితే ఆ శిక్షణలోనూ లెక్క చూసుకోవాలి. సొంతానికి కారు నడిపేవారికి స్కూలు కనీసం 21 రోజులు, అందులో పది గంటలు స్వయంగా నడిపేలా శిక్షణ ఇవ్వాలని నిబంధన. గంట క్లాసులో ముగ్గురుంటే ఒక్కొక్కరికి దక్కేది 20 నిమిషాలే. 21 రోజులకు కలిపితే ఏడు గంటలు. అందుకే డబ్బు కట్టేముందు అడగాల్సింది ఎన్ని రోజులని కాదు, బండి తన చేతిలో ఎన్ని గంటలుంటుందని.

ఇంకో చిక్కు కూడా ఉంది. స్కూలు కార్లలో శిక్షకుడి కాళ్ల దగ్గర కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. బండి ఆగిపోబోతే ఆయనే తొక్కేస్తాడు. నేర్చుకునేవారు తమకు వచ్చేసిందనుకుంటారు. సొంతంగా తొలిసారి బయల్దేరిన రోజు సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగి, వెనక హారన్లు మోగితే గానీ అసలు సంగతి తెలియదు. రెండో వారం నుంచైనా పెడల్స్ మీద కాలు పెట్టవద్దని శిక్షకుణ్ని అడగడం మంచిది.

ఆ విలువైన గంటల్ని పైసా ఖర్చు లేని అభ్యాసంతో కాపాడుకోవచ్చు. ఆగి ఉన్న కారులో ఇంజన్ ఆపి కూర్చుని, కిందికి చూడకుండా పెడల్స్ గుర్తుపట్టడం, క్లచ్ తొక్కి గేర్లు మార్చడం అలవాటు చేసుకుంటే తొలి రెండు మూడు క్లాసులు వృథా కావు. ఆర్టీసీ బస్సులో ముందు సీట్లో కూర్చుని డ్రైవరు ఎప్పుడు వేగం తగ్గిస్తున్నాడో, ఎంత దూరం పాటిస్తున్నాడో గమనించడమూ పాఠమే. స్కూలు గంటల్ని ట్రాఫిక్‌కు, రివర్స్‌కు, ఎత్తు మీద బండి ఆపి వెనక్కి జారకుండా కదిలించడానికి వాడుకోవాలి.

బంధువులదో స్నేహితులదో కారుంటే ఖర్చు మరింత తగ్గుతుంది. కానీ 'ఎల్' బోర్డు ఉండాలి, బండిని అదుపు చేయగలిగేలా పక్కన లైసెన్స్ ఉన్న వ్యక్తి కూర్చోవాలి. లెర్నర్ లైసెన్స్ ఉన్నవారికీ బీమా వర్తిస్తుందని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. షరతులు ఉల్లంఘిస్తే మాత్రం బాధితులకు చెల్లించిన పరిహారాన్ని బీమా సంస్థ కారు యజమాని నుంచి రాబట్టే వీలుంది. అరువు బండితో నేర్చుకునేవారు ఇచ్చినవారిని అప్పుల పాలు చేయకూడదు కదా.

పరీక్షలో తప్పితే ఏడు రోజులు ఆగాలి. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగడంతోపాటు అదనపు శిక్షణా పొందాలి. అంటే తయారీ లేని తొందర చివరికి ఆలస్యాన్నే మిగుల్చుతుంది.

ఉపాధి కోసం నేర్చుకునేవారికి ఓ ఊరట ఉంది. తేలికపాటి వాహన లైసెన్స్‌తోనే 7,500 కిలోల లోపు రవాణా వాహనాలు నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. వ్యాను ఉద్యోగానికి మరో లైసెన్స్ ఖర్చు తప్పినట్టే.

గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల కోసం 2021లో కేంద్రం మరో మార్గం తెచ్చింది. అక్కడ నాలుగు వారాల్లో 29 గంటల కోర్సు పూర్తిచేసి, వారి పరీక్షలో నెగ్గినవారికి రవాణా కార్యాలయంలో డ్రైవింగ్ పరీక్ష ఉండదు. ఆ 29లో 21 గంటలు నడపడానికే కేటాయించారు. పాత నిబంధనలోని పది గంటలకు ఇది రెట్టింపు పైమాటే.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయి. డబ్బు లేనివారు బ్రోకరును మానుకోవచ్చు, ఖరీదైన స్కూలును మానుకోవచ్చు. ఆ గంటల్ని మాత్రం మానుకోకూడదు. లైసెన్స్ వచ్చాక తొలి నెల పక్కన అనుభవజ్ఞుడిని కూర్చోబెట్టుకుని, రద్దీ తక్కువ వేళల్లో నడిపితే అవి పైసా ఖర్చు లేకుండానే పెరుగుతాయి.