నేలను గట్టిపరచే గింజ

పునాది కింద నేల వదులైతే సిమెంటు కలిపి గట్టిపరచడం అందరెరిగినదే. కాని మనుష్యులు వెలువరించే బొగ్గుపులుసు వాయువులో ఇంచుమించు 8 శాతం సిమెంటు పుణ్యమే.

వేరు దారి వెదకినవారిలో అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యులు ఎడ్వర్డ్ కవజాంజియన్ ఒకరు. మన తమ్మకాయకు దగ్గరి చుట్టమైన జాక్ బీన్ గింజలో యూరియేజ్ అనే ఎంజైము ఉంది. దానిని యూరియా, కాల్షియం క్లోరైడు కరిగించిన నీటిలో కలిపి ఇసుకలో పోస్తే, రేణువుల నడుమ సున్నపురాయి పేరుకొని వాటిని అంటిస్తుంది. యూరియా అంటే పొలాల్లో చల్లేదే సుమండీ!

చిక్కేమంటే, చివరకు అమ్మోనియా లవణం మిగులుతుంది. అది బావినీటిలో చేరరాదు. యూరియా తయారీకీ ఇంధనం కాలవలసిందే. 2019లో వారి బృందం వెన్న తీసిన పాలపొడి చేర్చి చూసింది. సున్నపురాయి 2 శాతం లోపే ఉన్నా ఇసుక బాగా గట్టిపడింది. పాలపొడికి ఈ ఉద్యోగం దొరుకుతుందని మేము కలలోనైనా అనుకోలేదు! అమ్మోనియా తగ్గినా పూర్తిగా పోలేదు. దానిని కడిగి తీయవలసిందే.