పాట మీదే.. మరి హక్కు?

వికారాబాద్‌ జంక్షన్‌ దాటి తాండూరు వైపు రైలు కదిలిందంటే ఒకే బోగీలో మూడు నాలుగు భాషలు వినిపిస్తాయి. తెలుగు, ఉర్దూ, కన్నడ, మధ్యమధ్యలో లంబాడీ. ఇవన్నీ కలిసిన మన యాస విని ‘ఇదేం తెలుగు?’ అని నవ్వినవాళ్లు మీకూ తగిలే ఉంటారు. అందుకే ఈ ప్రాంతంలో ఫోన్‌లో పాట రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టాలనుకునే కుర్రాళ్లకు, అమ్మాయిలకు మొదటి అనుమానం భాష మీదే. మన మాటల్లో పాడితే ఎవరు వింటారు?

ఈ అనుమానానికి రెండు పాటలు జవాబు చెబుతాయి. ఒకటి స్పానిష్‌ది, ఇంకొకటి మనదే. అవి ఎట్లా తయారయ్యాయో చూస్తే భాష అడ్డు కాదని తేలుతుంది. దాంతోపాటు మనలో చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటి బయటపడుతుంది. పాటలో ఎవరి వాటా ఎంత అన్నదే అది.

ఒక్క మాటతో మొదలైంది

‘డెస్పాసిటో’ అంటే స్పానిష్‌లో ‘నెమ్మదిగా’ అని అర్థం. పాడిన లూయిస్‌ ఫోన్సీ ప్యూర్టోరికోలో పుట్టాడు. అప్పటికి ఆయనకు మెలోడీ పాటల గాయకుడిగానే పేరు. 2015లో ఒకరోజు నిద్ర లేస్తూనే ఆ మాట, దాని బాణీ మనసులో మెదిలాయట. అదేరోజు తన ఇంటికి వచ్చిన పనామా రచయిత్రి ఎరికా ఎండర్‌తో కలిసి గిటార్‌ మీద పాటంతా కట్టేశాడు. తర్వాత ఆండ్రేస్‌ టోరెస్‌, మౌరీసియో రెంగిఫో అనే ఇద్దరు కొలంబియా నిర్మాతలు దానికి డాన్స్‌ ఊపు ఇచ్చారు. ర్యాప్‌ భాగం కోసం ప్యూర్టోరికోకే చెందిన డాడీ యాంకీ వచ్చి చేరాడు.

ఇందులో రెండు చిన్న పనితనాలు గమనించండి. పాట మొదట్లో వినిపించే తీగల వాద్యం పేరు ‘క్వాత్రో’. అది ప్యూర్టోరికో సంప్రదాయ వాద్యం, మనకు డప్పు ఎట్లానో వాళ్లకు అది అట్లా. రెండోది, పల్లవిలో ‘నెమ్మదిగా’ అనే మాట వచ్చినచోట బీట్‌ కూడా ఒక్కసారి నెమ్మదిస్తుంది. స్పానిష్‌ ఒక్క ముక్క రాకున్నా విషయం చెవికి అందుతుంది. వీడియోను శాన్‌ హువాన్‌లో లా పెర్లా అనే పేదల బస్తీలో తీశారు.

2017 జనవరిలో విడుదలైన ఈ పాట ముందుగా స్పానిష్‌ మాట్లాడే దేశాలను ఊపేసింది. కొలంబియాలో ఒక క్లబ్‌లో దీన్ని విన్న జస్టిన్‌ బీబర్‌ తానూ పాడతానని అడిగాడు. ఆ రీమిక్స్‌ ఏప్రిల్‌లో వచ్చింది. ఆయన పల్లవిని స్పానిష్‌లోనే పాడాడు. బీబర్‌ వల్లనే హిట్టయిందని కొందరంటారు గానీ, హిట్టయిందని చూశాకే ఆయన వచ్చాడు. అమెరికా బిల్‌బోర్డ్‌ హాట్‌ 100లో వరుసగా 16 వారాలు మొదటి స్థానం. 1996లో ‘మకరేనా’ తర్వాత ఎక్కువ భాగం స్పానిష్‌లో ఉండి ఆ స్థానం అందుకున్న పాట ఇదే. 2017 ఆగస్టులో యూట్యూబ్‌లో అత్యధికులు చూసిన వీడియో అయింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో 500 కోట్ల వ్యూస్‌ దాటిన తొలి వీడియో కూడా అదే.

అన్నీ పొగడ్తలే రాలేదు. మాటలు అసభ్యంగా ఉన్నాయని మలేసియా ప్రభుత్వ రేడియో, టీవీ దాన్ని ఆపేశాయి. లాటిన్‌ గ్రామీల్లో నాలుగు అవార్డులు వచ్చాయి గానీ, గ్రామీల్లో మూడు నామినేషన్లు దక్కినా ఒక్కటీ గెలవలేదు.

పూటలో తొంభై.. నెలల్లో పది

ఇక మన ‘నాటు నాటు’. సినిమా పాటే అయినా, 2021 నవంబరులో సినిమాకన్నా ముందే విడిగా జనంలోకి వచ్చింది. రాసిన చంద్రబోస్‌ది ఉమ్మడి వరంగల్‌ జిల్లా చల్లగరిగ. ఆయన జేఎన్‌టీయూలో ఇంజినీరింగ్‌ చదివారు. గాయకుడు కావాలని అనుకుని, 1995లో ‘తాజ్‌మహల్‌’తో గీత రచయిత అయ్యారు. ఈ పాటలో 90 శాతం సగం రోజులో వచ్చిందని, మిగిలిన 10 శాతానికి 19 నెలలు పట్టిందని ఆయనే పలుచోట్ల చెప్పారు. ‘నాకు స్పాంటేనియస్‌గా రాదు’ అని బాధపడేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోండి.

కీరవాణి బాణీ, ప్రేమ్‌ రక్షిత్‌ స్టెప్పులు, రాహుల్‌ సిప్లిగంజ్‌, కాలభైరవల గొంతులు. చిత్రీకరణ ఉక్రెయిన్‌లోని కీవ్‌లో, అక్కడి అధ్యక్ష భవనం ముందు. నేపథ్యం విదేశీ ప్యాలెస్‌ అయినా మాటల్లో ఉన్నది మాత్రం రొట్టె, తొక్కు లాంటి ఊరి తిండి, ఊరి ఆట. 2023 జనవరిలో గోల్డెన్‌ గ్లోబ్‌, మార్చిలో ఆస్కార్‌. ఆస్కార్‌ వేదిక మీద కూడా తెలుగులోనే పాడారు.

రెండింటిలోనూ ఒకటే సూత్రం కనిపిస్తుంది. భాష తెలియనివాళ్ల కోసం భాషను పలుచన చేయలేదు. వాళ్లు పట్టుకోవడానికి ఒక పిడి మాత్రం ఇచ్చారు. ఒకచోట అది నెమ్మదించే బీట్‌, ఇంకోచోట కాళ్ల స్టెప్పు. మీరు తాండూరు యాసలో కంది చేను గురించి, నాపరాయి గనుల గురించి, అనంతగిరి గుట్టల గురించి పాడండి. యాసను ‘సరిదిద్దుకునే’ సమయాన్ని ఆ పిడిని వెతకడం మీద పెట్టండి.

అసలు చిక్కు ఇక్కడే

పాట సిద్ధమైందనుకుందాం. ఒక చానల్‌ వాళ్లు కొన్ని వేలు చేతిలో పెట్టి ‘మా దాంట్లో వేస్తం’ అంటారు. సంతోషంతో ఒప్పుకుంటాం. రేపు అది కోటి వ్యూస్‌ దాటితే? డబ్బు చానల్‌కు వెళ్తుంది, రాసినవాళ్ల పేరు డిస్క్రిప్షన్‌లో కూడా ఉండదు.

పాటలో ప్రధానంగా రెండు హక్కులుంటాయి. మొదటిది సాహిత్యం, బాణీ మీద. అది రచయితది, స్వరకర్తది. రెండోది రికార్డింగ్‌ మీద. అది సాధారణంగా డబ్బు పెట్టి చేయించినవాళ్లది. చాలామంది రెండోది ఇస్తూ మొదటిది కూడా పోయిందనుకుంటారు. 2012లో కాపీరైట్‌ చట్టాన్ని సవరించారు. రికార్డింగ్‌ వాడుకున్నప్పుడు సాహిత్యానికి, బాణీకి రావాల్సిన రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును రచయిత, స్వరకర్త వదులుకోవడానికి వీల్లేదని ఆ సవరణ చెబుతోంది. వారసులకు, కాపీరైట్‌ సొసైటీకి తప్ప ఇంకెవరికీ దాన్ని రాసివ్వలేరు. ఆ రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్‌ఎస్‌. రచయితలు, స్వరకర్తలు అందులో సభ్యులుగా చేరవచ్చు.

‘డెస్పాసిటో’ విన్న కోట్లమందిలో ఎరికా ఎండర్‌ ముఖం గుర్తుపట్టేవాళ్లు తక్కువే. అయినా రచయితగా ఆమె పేరు అధికారికంగా నమోదైంది కాబట్టి ఆ పాట మీద ఆమె హక్కు నిలిచింది.

అప్‌లోడ్‌ నొక్కేముందు

• పాట పూర్తయిన రోజే ఒక కాగితం రాయండి. సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, ఎవరికి ఎంత శాతం, కింద అందరి సంతకాలు. దీన్నే స్ప్లిట్‌ షీట్‌ అంటారు. స్నేహితుల మధ్య ఎందుకని మొహమాటపడకండి. స్నేహం నిలవడానికే ఇది.

• యూట్యూబ్‌లో దొరికే ‘ఫ్రీ బీట్‌’ చాలాసార్లు సంపాదన లేని వాడకానికే ఫ్రీ. లైసెన్స్‌ చదవకుండా వాడితే కంటెంట్‌ ఐడీ క్లెయిమ్‌ పడి ఆదాయం బీట్‌ యజమానికి పోవచ్చు.

• ప్రతి రికార్డింగ్‌కు 12 అక్షరాలు, అంకెల ఐఎస్‌ఆర్‌సీ కోడ్‌ ఉంటుంది. పాటను యాప్‌లకు పంపే డిస్ట్రిబ్యూటర్లు సాధారణంగా దాన్ని ఇస్తారు. అన్నిచోట్లా మీ పేరు స్పెల్లింగ్‌ ఒకేలా ఉండాలి.

• యూట్యూబ్‌ ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్‌ వ్యూస్‌. ఈ లెక్క చూసుకున్నాకే అప్పు చేసి కెమెరా కొనాలా వద్దా తేల్చుకోండి.

• బతుకమ్మ దగ్గరో, పొలంలోనో పెద్దమ్మ నోట విన్న పాటను తీసుకుంటే ఆమె పేరు తెరమీద వేయండి. వచ్చినదాంట్లో ఆమెకూ వాటా ఇవ్వండి. చానల్‌ మనకు చేస్తే అన్యాయం అన్నది, మనం ఆమెకు చేసినా అన్యాయమే.

పాడటం రాకున్నా ఈ రంగంలో పని ఉంది. మిక్సింగ్‌, వీడియో ఎడిటింగ్‌, సబ్‌టైటిళ్లు, హక్కుల నమోదు చూసేవాళ్లు ప్రతి పాటకూ కావాలి. కోడింగ్‌ నేర్చుకున్నవాళ్లకు ఆడియో సాఫ్ట్‌వేర్‌ పట్టుబడటం పెద్ద కష్టం కాదు. మీ పాటకు ఎన్ని వ్యూస్‌ వస్తాయో ఎవరూ చెప్పలేరు. దాని కింద ఎవరి పేరు ఉండాలన్నది మాత్రం ఈరోజే, ఒక తెల్లకాగితం మీద, మీరే తేల్చుకోవచ్చు.