మీకు తెలుసా? రాజమండ్రి నల్లరాయికి వయసు కట్టిందెలాగో!

గోదావరి జిల్లాల రోడ్లకు కంకర ఎక్కడినుంచి వస్తుందని అడిగితే ఎవరైనా కొవ్వూరు, దేవరపల్లి వైపు చెయ్యి చూపిస్తారు. పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం క్వారీల్లో పేల్చి క్రషర్లకు తోలే ఆ నల్లరాయి ఒకప్పటి లావా. అయితే అది పొంగింది గోదావరి గట్టున కాదు. దాని రసాయన కూర్పు మహాబలేశ్వరం కొండల బసాల్టుతో సరిపోతుంది. పడమటి కనుమల దగ్గర పుట్టిన లావా పాత నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడికొచ్చి గడ్డకట్టిందని చాలామంది భూవిజ్ఞానుల అభిప్రాయం. అదే నిజమైతే భూమ్మీద అంత దూరం పారిన లావా మరొకటి తెలియదు.

క్వారీ గోడను ఓసారి చూడండి. కింద ఒక లావా పొర, పైన ఒకటి. రెంటి మధ్యా కొన్ని మీటర్ల మందాన సున్నపురాయి, గట్టిపడిన బంకమట్టి, అందులో ఆల్చిప్పలు. కింది లావాకూ అడుగున ఇంకో సముద్రపు పొర ఉంది, దాన్నిండా మెలితిరిగిన టరిటెల్లా గుల్లలు. డైనోసార్లు అంతరించిన ఆ మలుపు, అంటే క్రెటేషియస్ యుగం ముగిసిన ఘడియ, ఈ పొరల మధ్యే ఎక్కడో ఉంది. ఎక్కడ?

శిలాజం అనగానే అందరూ కార్బన్-14 అంటారు. ఇక్కడ అది బొత్తిగా పనికిరాదు. దాని అర్ధాయువు 5,730 ఏళ్లు. యాభై వేల ఏళ్లు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. మనం మాట్లాడుతున్నది 6 కోట్ల 60 లక్షల ఏళ్ల సంగతి.

ఇంకో చిక్కు కూడా ఉంది. అంత పాత గుల్లకో ఎముకకో నేరుగా వయసు కట్టడం సాధారణంగా కుదరదు. దాని పైనా కిందా ఉన్న అగ్నిపర్వతపు పొరలకు కడతారు. మన పెద్దవాళ్లు పుట్టిన తేదీ తెలియకపోతే ‘దివిసీమ ఉప్పెనకు ముందు’ అనో ‘ఉప్పెన వచ్చిన రెండేళ్లకు’ అనో చెప్పేవాళ్లు కదా, సరిగ్గా ఆ లెక్కే. ఆ ఉప్పెన 1977లో వచ్చిందని తెలుసు కాబట్టి మిగతాది తేలుతుంది.

రాళ్లలో అలాంటి ఆనవాలు పొటాషియం-40. దాని అర్ధాయువు 125 కోట్ల ఏళ్లు. అది క్షీణిస్తే కొంత ఆర్గాన్ వాయువు పుట్టి స్ఫటికంలోనే చిక్కుకుపోతుంది. చిక్కిన ఆర్గాన్ ఎంతో కొలిస్తే స్ఫటికం చల్లారి ఎన్నాళ్లయిందో తెలుస్తుంది. అమెరికాలోని మోంటానాలో డైనోసార్ల ఎముకలు దొరికే హెల్ క్రీక్ పొరల పైన బొగ్గు ఉంది, ఆ బొగ్గు మధ్య బూడిద పొరలున్నాయి. 2013లో ఆ బూడిద స్ఫటికాలను కొలిచి, యుగాంతం 6 కోట్ల 60 లక్షల 40 వేల ఏళ్ల కిందటిదని తేల్చారు. పొరపాటు ఉంటే నలభై వేల ఏళ్లు అటూ ఇటూ. ఇంత పాత సంగతికి ఇది మామూలు కచ్చితత్వం కాదు.

హద్దు ఎక్కడుందో గుర్తుపట్టే చిహ్నం మాత్రం అంతకుముందే దొరికింది. ఇటలీలోని గుబ్బియో దగ్గర సున్నపురాళ్ల మధ్య వేలెడు మందం కూడా లేని మట్టి పొరలో ఇరిడియం మామూలు కంటే సుమారు 30 రెట్లు ఉందని లూయిస్ ఆల్వరెజ్, ఆయన కొడుకు వాల్టర్, వారి సహచరులు 1980లో ప్రకటించారు. నేలలో అరుదైన ఆ లోహం గ్రహశకలాల్లో ఎక్కువ. అందుకే యుగాంతాన ఒక శకలం భూమిని ఢీకొట్టిందన్నారు. మెక్సికోలోని చిక్సులూబ్ బిలం ఆ శకలం పడ్డ చోటని పదేళ్ల తర్వాత రూఢి అయింది.

మళ్లీ మన క్వారీకి వద్దాం. ఇక్కడ తీర్పు చెప్పింది ఆల్చిప్పలు కాదు, కంటికి ఆనని ఫోరామినిఫెరా అనే సముద్రజీవుల గుల్లలు. క్రెటేషియస్ సముద్రాల్లో తేలిన పెద్ద, నగిషీల గుల్లల జాతులు ఆ దెబ్బకు తుడిచిపెట్టుకుపోయాయి. తర్వాత వచ్చినవి చిన్నవి, సాదావి. రాజమండ్రి లావాల మధ్య పొరలో భూవిజ్ఞాని గెర్టా కెల్లర్ బృందానికి దొరికినవి ఈ రెండో రకమే. ఆ వివరాలు 2008లో అచ్చయ్యాయి. అంటే కింది లావా పారేనాటికి హద్దు ఇంకా దాటలేదు, లేదా అప్పుడే దాటుతోంది. పై లావా మాత్రం నిస్సందేహంగా డైనోసార్లు పోయాక వచ్చినదే.

అయస్కాంతం సాక్ష్యమూ ఇదే మాట చెబుతోంది. లావా గడ్డకట్టేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు అప్పటి భూ అయస్కాంత దిశను పట్టుకుంటాయి. కింది పొరలో ఆ దిశ నేటికి తలకిందులు, పై పొరలో నేటిలాగే. యుగాంతం తర్వాత సుమారు మూడు, మూడున్నర లక్షల ఏళ్లకు దిశ మారిందని ఇతర దేశాల రాళ్లనుబట్టి తెలుసు. కాబట్టి ఈ నల్ల పొరల మధ్య కొద్దిపాటి మందంలో లక్షల ఏళ్లే ఇమిడి ఉండవచ్చు!

అంతా తేలిపోయిందనుకునేరు. 2019లో, మన నల్లరాయి కూడా భాగమైన దక్కను లావాల మీద రెండు వ్యాసాలు ‘సైన్స్’ పత్రిక ఒకే సంచికలో వచ్చాయి. ఒక బృందం లావాల నడుమ ఎర్రమట్టి పొరల నుంచి జిర్కాన్ స్ఫటికాలు ఏరి, యురేనియం సీసంగా మారే లెక్క కట్టింది. శకలం పడడానికి కాస్త ముందే ఒక భారీ పొంగు వచ్చిందంది. ఆర్గాన్ లెక్క కట్టిన రెండో బృందం, లావాలో నాలుగింట మూడొంతులు తర్వాతే వచ్చిందంది. డైనోసార్లను చంపింది శకలమా, లావానా అన్న తగాదాలో ఇదే కీలకం. నాకైతే శకలం వాదనే బలంగా కనిపిస్తుంది.

అన్నట్టు, హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉన్న కోటసారస్ అనే డైనోసార్‌కు ఈ గొడవతో సంబంధం లేదు. అది జురాసిక్ జీవి, ఈ యుగాంతానికి పది కోట్ల ఏళ్ల ముందే చరిత్రలో కలిసిపోయింది.

క్వారీలో ఎప్పుడైనా గుల్లో ఎముకో కనబడితే పీకి జేబులో వేసుకోకండి. ఏ పొరలో, ఎంత ఎత్తున ఉందో తెలిసేలా ఫొటో తీసి జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకో, దగ్గరి విశ్వవిద్యాలయంలోని జియాలజీ విభాగానికో చెప్పండి. పొరలోంచి ఊడిపోయిన శిలాజానికి వయసు కట్టడం దాదాపు అసాధ్యం.