శిశువులతో నౌకావిహారము

మా కుమారుడు సకుటుంబముగా విహారనౌకపై పోవ సంకల్పించి, ఏ యోడ మేలని నన్నడిగెను. అందలి కొలనులను, నాటకశాలలను వాడు వర్ణించుచుండగా నేను మనుమని వయస్సు లెక్కించుచుంటిని. రెండేండ్ల యెనిమిది నెలలు!

చిక్కంతయు నిచ్చటనే యున్నది. బిడ్డను ఓడ యెక్కనిచ్చుట వేఱు, కనిపెట్టి చూచుట వేఱు. రాయల్ కరీబియన్ వారు చాల యాత్రలకు ఆఱు నెలలు నిండిన శిశువు నెక్కనిత్తురు. కాని వారి బాలవిహారశాలలో మూడేండ్లు నిండి, మలమూత్రములకు తానే చెప్పగల బిడ్డకే ప్రవేశము. అంతకు చిన్నవారికి, గంటకింత రుసుముపై నడచు శిశుశాల కొన్ని యోడలలోనే కలదు. డిస్నీవారి నౌకలలో నట్టిది ఆఱు నెలలు మొదలు మూడేండ్లవఱకు కలదు. చోటు ముందుగనే నిలుపుకొనవలయును. ఇది యెఱుగక యెక్కినచో యాత్ర పొడవునను తల్లికి గదియే గతి.

ఆపద్ఘంట మ్రోగినపుడు బిడ్డను ఎవరు, ఎచ్చటికి తెత్తురని కూడ నడుగవలయును. 2012 జనవరిలో కోస్టా కాంకార్డియా యను నౌక, కొందఱు ప్రయాణికులకు రక్షణాభ్యాసము జరుగకమునుపే, ఇటలీ తీరమున రాతికి తగిలి యొరగెను. 2015 నుండి ఓడ కదలుటకు ముందో, కదలిన తక్షణమో అభ్యాసము జరుపవలెనని నియమము మాఱినది. నేనైతే బిడ్డకు సరిపడు తేలుడుచొక్కా నడిగి, తొడిగి చూతును.

మావాడు నాలుగు నెలలాగి టిక్కెట్లు కొనెను. మనుమడప్పటికి చెప్ప నేర్చెను.