తొవ్వ చెప్పేది డబ్బానా, ఫోనా?

కారు కొనడానికి మెదక్ జిల్లా టేక్మాల్ నుంచి సంగారెడ్డికో హైదరాబాద్‌కో వెళ్లినవాళ్లను షోరూంలో తప్పకుండా అడిగే మాట ఒకటుంది: నావిగేషన్ ఉన్న టాప్ మోడల్ ఇమ్మంటారా, కింది మోడల్ చాలా? రెంటికీ మధ్య ధరలో తేడా తక్కువేమీ కాదు. కానీ అసలు చూడాల్సింది తెర డ్యాష్‌బోర్డులో ఉందా, అద్దానికి అతికించిన హోల్డర్‌లో ఉందా అన్నది కాదు. అందులోని మ్యాపు ఎప్పటిది?

కార్లలోకి దారి చూపే యంత్రం జీపీఎస్ కంటే ముందే వచ్చింది. 1981లో హోండా జపాన్‌లో అమ్మిన పరికరానికి ఆకాశంతో పనే లేదు. గైరోస్కోపు కారు తిరిగిన మలుపులను పసిగడితే, పారదర్శకమైన పటం మీద చుక్క కదిలేది. జీపీఎస్‌తో పనిచేసే బిల్ట్-ఇన్ వ్యవస్థను 1990లో మాజ్డా తన యూనోస్ కాస్మోలో పెట్టింది. అప్పటికింకా అమెరికా సైన్యం పౌరులకందే జీపీఎస్ సంకేతాన్ని కావాలనే చెడగొట్టేది, వంద మీటర్ల తేడా మామూలే. 2000 మే నెలలో క్లింటన్ ప్రభుత్వం ఆ అడ్డు తీసేశాక చేతిలో పట్టే చిన్న పరికరాలకు గిరాకీ పెరిగింది. మన దగ్గరా హైదరాబాద్ కంపెనీ శాట్‌నావ్ టెక్నాలజీస్ ‘శాట్‌గైడ్’ తెచ్చింది. ఢిల్లీ నుంచి మ్యాప్‌మైఇండియా పోటీకొచ్చింది. 2009 అక్టోబరులో గూగుల్ ఫోన్లోనే మలుపు మలుపుకూ దారి చెప్పడం ఉచితంగా మొదలుపెట్టడంతో విడి పరికరాల వ్యాపారం కుదేలైంది. ఇవాళ పోర్టబుల్ నావిగేషన్ అంటే మన ఫోనే.

పల్లెల దారులు ఆ ఫోన్లోకి ఎక్కడంలో ఒక తెలుగువాడి చెయ్యి ఉంది. గూగుల్‌లో పనిచేసిన లలితేశ్ కాట్రగడ్డ ఆలోచనతో 2008లో ‘మ్యాప్ మేకర్’ మొదలైంది. ఎవరి ఊరి బాట వాళ్లే గీసుకునే వీలు దొరికింది. 2017లో దాన్ని మూసేశారు.

బిల్ట్-ఇన్‌కు తనదైన బలం ఉంది. కారుకు యాంటెన్నా వేరుగా ఉంటుంది, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో తెలుస్తుంది, కాబట్టి సొరంగంలోనూ బేస్‌మెంట్ పార్కింగులోనూ అంతగా తడబడదు. జోగిపేట, టేక్మాల్ మధ్య సొరంగాలు లేవనుకోండి! ఎండలో ఫోను వేడెక్కి ఆగిపోతే మాత్రం బిల్ట్-ఇన్ విలువ తెలుస్తుంది.

చిక్కల్లా మ్యాపు పాతబడటమే. కొన్నేళ్ల కిందటి మారుతి కార్లలో మ్యాపు ఎస్‌డీ కార్డులో ఉండేది. 161వ జాతీయ రహదారిలో కంది, రాంసాన్‌పల్లి మధ్య నలభై కిలోమీటర్ల నాలుగు వరుసల రోడ్డును ప్రధాని 2024 మార్చి 5న సంగారెడ్డిలో జాతికి అంకితం చేశారు. అంతకుముందటి కార్డును మార్చకపోతే ఆ రోడ్డు మీద వెళ్తున్నా తెరలోని బాణం చేలల్లో తిరుగుతున్నట్టు కనిపించవచ్చు. చాలామంది కారు కొన్నాక మ్యాపు అప్‌డేట్ ఊసే ఎత్తరు.

అలాగని ఫోను చెప్పిందల్లా వేదం కాదు. 2023 డిసెంబరులో సిద్దిపేట జిల్లాలో గూగుల్ మ్యాపును నమ్ముకున్న ఓ లారీ రాత్రివేళ గౌరవెల్లి ప్రాజెక్టు నీళ్లలోకి దిగింది. 2024 మేలో కేరళలోని కురుప్పంతర దగ్గర హైదరాబాద్ పర్యాటకుల కారు అలాగే వాగులో పడింది. రెండుచోట్లా మనుషులు బతికి బయటపడ్డారు. 2025 ఆగస్టు చివరి వానలకు మెదక్, కామారెడ్డి జిల్లాల్లో రోడ్లే కొట్టుకుపోయాయి. సింగూరు ప్రాజెక్టు గేట్లెత్తితే ఏడుపాయల దగ్గర మంజీర నది ఎంత ఎత్తున పారుతోందో ఏ తెరా చెప్పదు. అలాంటప్పుడు హోటల్ దగ్గర ఆగి “అన్నా, తొవ్వ నడుస్తుందా?” అని అడగడమే మేలు.

నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదన్నది ఒట్టి అపోహ. ఉపగ్రహాల సంకేతం నెట్‌తో పనిలేకుండానే అందుతుంది, రానిది మ్యాపు బొమ్మా ట్రాఫిక్ సమాచారమూ. బయల్దేరేముందు ఇంట్లోనే జిల్లా మ్యాపును ఆఫ్‌లైన్‌లో దింపుకుంటే సగం బాధ తప్పుతుంది. 2020 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న కేంద్ర మోటారు వాహన నిబంధనలు కూడా నడిపేటప్పుడు ఫోనును దారి చూసుకోవడానికి మాత్రమే, ధ్యాస చెదరకుండా వాడమంటున్నాయి. కాబట్టి హోల్డర్ కొనక తప్పదు. ఆండ్రాయిడ్ ఆటో ఉన్న కింది మోడల్ దొరికితే ఇంకా నయం, ఫోను మ్యాపే కారు తెర మీదికి వస్తుంది. ఒక్క నావిగేషన్ కోసమే టాప్ మోడల్‌కు డబ్బు పోయడం దండగ.

ఏది కొన్నా మెదక్ జిల్లాలో ‘శంకరంపేట’ అని కొట్టేముందు కాస్త ఆగాలి. టేక్మాల్ వైపు 161వ రహదారి మీదున్నది పెద్ద శంకరంపేట, రికార్డుల్లో శంకరంపేట-ఎ. రామాయంపేట దిక్కున్నది చిన్న శంకరంపేట, అంటే శంకరంపేట-ఆర్. పెళ్లికి వెళ్తుంటే కార్డులో ఏది రాసుందో చూసుకుని, పూర్తి పేరు కొట్టి, అప్పుడు బండి తీయాలి.