కాలేయమున క్రొవ్వు

కాలేయము చెడుట త్రాగుబోతులకేయని మేమును తలంచితిమి. అది సరికాదు. హైదరాబాదున కూర్చుండి కంప్యూటరు పనిచేయు 345 మందిని పరీక్షింపగా నూటికి 84 మందికి కాలేయమున క్రొవ్వు మితిమీరియున్నదని 2025లో పరిశోధకులు ప్రకటించిరి. విశాఖపట్టణపు రేవునకు, ఉక్కు కర్మాగారమునకు కొలువునకేగిన మన బిడ్డలలోను కుర్చీ విడువనివారు కలరు.

శ్రమకు మించి తిన్న అన్నము, చక్కెర కాలేయమున క్రొవ్వుగా నిలువయగును. కొందఱిలో నది వాపు పుట్టించును. వాపు నిలిచినచోట మచ్చలు గట్టి కాలేయము బిరుసెక్కును. కణములు చచ్చుచు మరల పుట్టుచుండ నొకటి యదుపు దప్పినచో క్యాన్సరగును. ఒక్కొక్కప్పుడు బిరుసెక్కకమునుపే యగును. ఇన్నియేండ్లును నొప్పి యుండదు. ఆకు వాడునప్పటికే వేరు చెడిన పైరువంటిది. శరీరపు బరువు నూటికి పదిపాళ్లు తగ్గించుకొన్నవారిలో పెక్కురకు వాపును, కొందఱికి మచ్చలును తగ్గినవి. మధుమేహమో బొజ్జయో గలవారు కింగు జార్జి ఆసుపత్రికేగి వైద్యులకు చూపించుకొనుడు.