ఆటల మాడ్లు - పాతబడిన లింకులు

కంప్యూటరు ఆట యనిన మాట వినగానే మా పాఠకులగు తల్లిదండ్రులలో పలువురకు కొంత విసుగు కలుగుట సహజము. కాని ఆ ఆటల చుట్టును అల్లుకొనిన విద్య యొకటి కలదు. ఆటను అమ్మిన సంస్థవారు గాక, దానిని ఆడువారే క్రొత్త పటములను, క్రొత్త పాత్రలను, క్రొత్త నియమములను కల్పించి, మూల్యము గోరక ఇతరులకు పంచిపెట్టుదురు. ఇట్టి కల్పనకు మాడ్ అని పేరు. 1999లో హాఫ్ లైఫ్ అను ఆటకు ఇద్దరు యువకులు కౌంటర్ స్ట్రైక్ అను మాడ్‌ను చేయగా, మరుసటి యేడే ఆ ఆటను నిర్మించిన వాల్వ్ సంస్థ దానిని కొనివేసినది. ఇది పిల్లల కాలక్షేపము మాత్రమే కాదని గ్రహించుటకు ఈ యొక్క నిదర్శనము చాలును.

ఈ విద్య నభ్యసింపగోరు విద్యార్థికి మొదట ఎదురగు చిక్కు లింకులది. మాడ్ ఫైలు ఒకచోట నుండును; దానిని గూర్చిన వ్రాత మరియొకచోట నుండును. వ్రాతనుండి ఫైలునకు దారి చూపు చిరునామాయే లింకు. ఇల్లు మారినవాని పాత చిరునామాకు వేసిన ఉత్తరము తిరిగి వచ్చినట్లే, ఫైలు తరలిపోయినచో లింకు వ్యర్థమగును. అప్పుడు తెరమీద కనబడు 404 అను అంకెకు, సర్వరు ఉన్నది గాని అడిగిన వస్తువు అందు లేదని భావము. సర్వరే లేనిచో ఆ అంకెయు కనబడదు. అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థవారు 2024లో ప్రకటించిన లెక్కనుబట్టి, 2013లో ఉండిన వెబ్ పుటలలో నూటికి 38 వంతులు 2023 నాటికి దొరకకుండ పోయినవి.

మాడ్ల విషయమున ఈ బాధ మరింత హెచ్చు. వానిని చేయువారిలో విద్యార్థులును, తీరిక వేళల పనిచేయువారును పెక్కురు. సొంత సర్వరునకు సొమ్ము వెచ్చింపలేక, ఉచితముగా చోటిచ్చు సంస్థల నాశ్రయింతురు. జియోసిటీస్ 2009 అక్టోబరులో మూతబడెను. మెగాఅప్‌లోడ్‌ను 2012 జనవరిలో అమెరికా ప్రభుత్వము స్వాధీనపరచుకొనెను. ర్యాపిడ్‌షేర్ 2015 మార్చితో ముగిసెను. డ్రాప్‌బాక్స్ సంస్థ నిలిచియే యున్నను, ఎవరైనను తెరువదగిన పబ్లిక్ ఫోల్డరు వసతిని 2017లో ఎత్తివేసెను. ఇట్లు జరిగిన ప్రతిసారియు, ఎవరో రాత్రులు మేలుకొని చేసిన పని, వారికి తెలియకయే, కనుమరుగైనది. పైగా మాడ్లు ఒకదానిమీద నొకటి ఆధారపడి యుండును. తాను చెక్కుచెదరకున్నను, తనకు ఆధారమైన మాడ్ లింకు చెడినచో ఆ మాడ్ కూడ పనికిరాదు.

లింకు బ్రదికియుండియు పాతబడుట మరియొక విధము. స్కైరిమ్ ఆటను 2021 నవంబరులో సంస్థవారు సవరింపగా, స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ అను సాధనముపై నడుచు పలు మాడ్లు పనిచేయుట మానెను. వానిని చేసినవారు మరల సరిచేయవలసి వచ్చెను. పాత వ్రాతలలోని లింకును నమ్మి దించుకొనినవానికి ఫైలు చక్కగనే దొరకును. ఆట మాత్రము ఆగిపోవును. కావున ఫైలు దొరకినంత మాత్రమున సంతసింపక, అది మన యాట యొక్క ఏ కూర్పునకు చేయబడినదో చూచుకొనవలెను.

ఇన్ని ఫైళ్ళు నశించినను, ముప్పది యేండ్లుగా నిలిచిన సంపుటి యొకటి కలదు. దాని చరిత్ర విశేషముగా తెలిసికొనదగినది. అమెరికాలోని ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ 1993 డిసెంబరులో డూమ్ అను ఆటను విడుదల చేసెను. ఆటను నడపు యంత్రాంగమును, పటములు బొమ్మలు మున్నగు సామగ్రిని వారు వేరువేరుగా నుంచిరి. సామగ్రిగల ఫైలునకు వాడ్ అని పేరు. దీనివలన ఆడువారు సులువుగా క్రొత్త వాడ్‌లను చేయగలిగిరి. వానినన్నిటిని ఐడీగేమ్స్ అను సంపుటిగా కాలిఫోర్నియాలోని వాల్నట్ క్రీక్ సంస్థ సర్వరునందు భద్రపరచిరి. కొన్నాళ్ళకు ఆ సర్వరు లేకుండ పోయినది. సంపుటి మాత్రము పోలేదు. ఏమన, జర్మనీ, గ్రీసు దేశముల విశ్వవిద్యాలయములలో సైతము దాని ప్రతులుండెను. అంతకన్న ముఖ్యమైన సంగతి, ప్రతులన్నిటిలోను అరల యమరిక యొక్కటియే. డూమ్ రెండవ భాగపు పటములు ఒక అరలో, అందు మరల పేరులోని తొలి యక్షరమునుబట్టి చిన్న అరలలో నుండును. కావున 1990ల నాటి వ్రాతలలోని చెడిన లింకును నేటికిని తరచుగా బాగుచేయవచ్చును: ఐడీగేమ్స్ అను పేరునకు ముందున్న భాగమును తీసివేసి, మిగిలిన దారిని క్రొత్త ప్రతి చిరునామాకు జతపరచిన చాలును.

ఆ సంపుటిలో ప్రతి మాడ్‌తోను ఒక చిన్న పాఠ్యపు ఫైలు ఉండుట ఆచారము. కర్త పేరు, తేది, అవసరమగు ఆట, ఇతరులు దీనిని పంచవచ్చునా మార్చవచ్చునా యను అనుమతి, అన్నియు అందు వ్రాయబడును. మన తాళపత్ర ప్రతుల కడపట లేఖకుడు తన పేరును, సంవత్సరమును వ్రాసినట్లన్నమాట. తంజావూరి సరస్వతీ మహలు నందలి తెలుగు ప్రతులను చూచినవారికి ఈ పోలిక స్ఫురింపక మానదు.

చెడిన లింకు ఎదురైనప్పుడు చేయదగిన పని ఇది. లింకు కడపటనున్న ఫైలు పేరును యథాతథముగా వ్రాసికొని, ఆ పేరుతోనే వెదకవలెను. మాడ్ పేరు మారినను ఫైలు పేరు సాధారణముగ మారదు. దొరకనిచో, లింకునే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్ అను సాధనమునకు ఇయ్యవలెను. 1996 నుండి వెబ్ పుటలను ప్రతితీయుచున్న ఈ సంస్థ 2001లో ఆ సాధనమును ప్రజలకు తెరచినది. పుట దొరకినను పెద్ద ఫైలు దొరకునని నమ్మకము లేదు, కాని కర్త పేరైనను తెలియును. ఆ మీదట కర్తకే జాబు వ్రాయుట మేలు. పాత డిస్కును వెదకి ఫైలును సంతోషముగా పంపువారు లేకపోలేదు.

మృతమైన లింకుకంటె, మరణించి మరల లేచిన లింకు అపాయకరమని మా యభిప్రాయము. వెబ్ స్థలము పేరునకు ఏటేట రుసుము చెల్లింపవలెను. చెల్లింపు ఆగినచో ఆ పేరును ఎవరైనను కొనవచ్చును. అప్పుడు పాత లింకు తెరచుకొనును, ఫైలును ఇచ్చును. అది పాత ఫైలు కాదు. ప్రసిద్ధ స్థలములకును ఈ ముప్పు తప్పలేదు. 2023 జూనులో కొందరు మాడ్ కర్తల ఖాతాల నపహరించి, మైన్‌క్రాఫ్ట్ మాడ్లలో ఫ్రాక్చరైజర్ అను హానికర ప్రోగ్రామును చొప్పించిరి. ఇంటిలోని కంప్యూటరునందే బ్యాంకు పనులు నడుచునప్పుడు తల్లిదండ్రులు దీనిని తేలికగా చూడరాదు. ఫైలులోని ప్రతి యక్షరమును లెక్కించి తీసిన ముద్ర యొకటి ఉండును. షా-256 అనునది అట్టి పద్ధతి. ఒక్క యక్షరము మారినను ముద్ర మారిపోవును. కర్త ప్రకటించిన ముద్రతో మన ఫైలు ముద్ర సరిపోయినచో అది కర్త విడిచిన ఫైలే. కర్తయే నమ్మదగినవాడా యను ప్రశ్నకు మాత్రము ఇది సమాధానము కాదు.

దొరకిన ఫైలును మరల నెక్కించి పదిమందికి ఇచ్చుట పుణ్యకార్యమని తోచును. అనుమతి లేనిదే అట్లు చేయరాదు. 2021లో నెక్సస్ మాడ్స్ స్థలమువారు, ఎక్కించిన ఫైళ్ళను కర్తలు ఇకమీదట శాశ్వతముగ తొలగింపజాలరని నియమము చేసిరి. ఆధారముగా నున్న మాడ్ మాయమై ఇతరుల పని చెడరాదని వారి వాదము. తమ పనిపై తమకే హక్కు లేదాయని కొందరు కర్తలు కినిసి, ఇచ్చిన గడువులోనే తమ మాడ్లను తీసివేసికొనిరి. ఇరువురి మాటలోను న్యాయము కలదు. వాడ్‌ల వెంట నుండు పాఠ్యపు ఫైలులో అనుమతి ముందే వ్రాయబడుటచేత అచట ఈ తగవునకు చాలవరకు తావు లేకపోయినది.

మా విద్యార్థులలో ఎవరైనను మాడ్ చేసినచో, ఫైలునకు నేరుగా గాక దానిని గూర్చిన పుటకు లింకు ఇయ్యవలెను; ఫైలు స్థలము మారినను పుటలో దిద్దవచ్చును. వేరువేరు సంస్థలలో రెండు ప్రతులను, ఇంట డిస్కులో నొకదానిని ఉంచవలెను. పాఠ్యపు ఫైలులో తేది, ఆట కూర్పు సంఖ్య, ముద్ర, అనుమతి తప్పక వ్రాయవలెను. బాలబాలికలు అందు తమ పూర్తి పేరు, ఊరు, ఫోను సంఖ్య వ్రాయక, కలము పేరు ఒక్కటి పెట్టుకొనుట మంచిది.